సింహళం, జావా భాష: చుట్టాలా? తెలుగువాళ్ళకు ఏది ముందు?

ప్రశ్న సారాంశం ఇది: "సింహళ లిపి, జావా లిపి రెండూ మన తెలుగులాగే గుండ్రంగా ఉంటాయి. రెండింట్లోనూ సంస్కృత పదాలు కనిపిస్తాయి. రెండూ ద్వీపాల భాషలు. ఇవి ఒకదానికొకటి చుట్టాలా? తెలుగు మాతృభాష అయినవాళ్ళు ఏది ముందు మొదలుపెట్టాలి?"

చుట్టాలు కావు. దూరపు చుట్టరికం కూడా లేదు. సింహళం హిందీ, మరాఠీల ఇంటిది, మాల్దీవుల దివేహికి తోబుట్టువు. జావా భాష మలయ్, ఫిలిప్పీన్స్ తగలోగ్, మడగాస్కర్ మలగాసీల ఇంటిది. మీకు కనిపిస్తున్న పోలిక పైపూత. పూత కింది ఎముకల గూడు చూస్తే సింహళ వాక్యం పోలింది జావా భాషను కాదు, తెలుగును. మీ రెండో ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది.

చుట్టరికం తేల్చడానికి సంస్కృత పదాలు పనికిరావు, అవి ఎవరైనా తెచ్చుకోగల అరువు సరుకు. అంకెలు చూడండి. సింహళంలో ఎక, దెక, తున, హతర, పహ, హయ, హత, అట. హిందీ ఏక్, దో, తీన్, చార్ పక్కన పెడితే పోలిక దాగదు. పాత స, చ శబ్దాలు చాలా చోట్ల హ అయిపోయాయి, అంతే: సప్త కాస్తా హత అయింది, చతుర్ కాస్తా హతర అయింది. జావాలో సిజి, లొరొ, తెలు, పపత్, లిమ, ఎనెమ్, పితు, వొలు. ఐదుకు ఈ లిమ అనే మాటే ఫిలిప్పీన్స్‌లోనూ హవాయిలోనూ వినిపిస్తుంది. జావాలో సంస్కృతం చొరబడింది పది దగ్గర, అదీ మర్యాద భాషలో మాత్రమే: మామూలుగా సెపులుహ్, మర్యాదగా సెదస. దశ అన్నమాట. అరువు మాట తరచు మర్యాద గదిలో కూర్చుంటుందన్న సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

సంస్కృతం సంగతి. సింహళానికి ఈ పదాలు ప్రధానంగా వారసత్వం, రెండు వేల ఏళ్ళు నోట్లో నలిగి అరిగినవి. శ్రీలంక గుహల్లో బ్రాహ్మీ శాసనాలు క్రీస్తుపూర్వం నుంచే ఉన్నాయి. నగరం నువర అయింది (క్యాండీ పట్టణాన్ని అక్కడివాళ్ళు నువర అనే అంటారు). హస్తం అత, గ్రామం గమ, పుస్తకం పొత. మన పొత్తం కూడా అలా అరిగినదే కదా. తర్వాత పండితులు నగరయ, హస్తయ లాంటి తత్సమాలను మళ్ళీ తెచ్చుకున్నారు. కాబట్టి సింహళంలో చాలా మాటలకు తద్భవం, తత్సమం జంటగా దొరుకుతాయి. ఈ తత్సమాల మోజు మీద తిరుగుబాటు కూడా జరిగింది: మునిదాస కుమారతుంగ 1941లో హెళ హవుల సంఘం పెట్టి, సంస్కృతం కడిగేసిన స్వచ్ఛమైన సింహళం రాయాలని పట్టుబట్టాడు.

జావాకు సంస్కృతం పుస్తకాల ద్వారా, ఆస్థానాల ద్వారా వచ్చిన అరువు. అందుకే పెద్దగా అరగలేదు: పుస్తక, పుత్ర, తోయ (నీళ్ళు), అస్త (చెయ్యి), ముస్తక (తల). తేదీతో దొరికిన తొలి పాత జావా శాసనం క్రీ.శ. 804 నాటిది. జూట్‌ముల్డర్ అనే పండితుడు 1982లో వేసిన పాత జావా నిఘంటువులో పాతిక వేలకు పైగా మాటలుంటే దాదాపు సగం సంస్కృతమే. ఈ లెక్క చూసి "అయితే సగం భాష వచ్చేసినట్టే" అనుకుంటే బోల్తా పడతారు. అది కావ్యాల భాష. ఇవాళ సురబయ బజారులో బేరమాడే భాషలో ఆ సగం ఎక్కడా ఉండదు.

పైగా అరువు మాట అర్థం మార్చుకుంటుంది. తెలుగువాళ్ళు మొదట తడబడేది ఇక్కడే. జావాలో దెస అంటే పల్లెటూరు, నెగర అంటే దేశం. మనకు సరిగ్గా తలకిందులు. కుల అంటే మర్యాదగా "నేను", కవుల (సేవకుడు) అనే మాట కురచయి వచ్చింది, మన కులంతో సంబంధం లేదు. సరే అంటే ఒప్పుకోలు కాదు, పెద్దవాళ్ళు నిద్రపోవడం. సింహళంలోనూ ఇలాంటి గుంటలున్నాయి, ముఖ్యంగా వరసల్లో. అమ్మ, అక్క, మామా మన అర్థంలోనే ఉంటాయి, అందుకని ధైర్యం వస్తుంది. కానీ తాత్తా అంటే నాన్న. అయ్యా అంటే అన్నయ్య. మల్లి అంటే తమ్ముడు, నంగి అంటే చెల్లెలు. తాతకు సీయా, అవ్వకు ఆచ్చి. పొట్టిగా మమ అంటే "నేను", దీర్ఘం పెట్టి మామా అంటే మేనమామ. ఒక్క దీర్ఘం జారితే వాక్యం నవ్వులపాలు.

ఇక వాక్యం గూడు. "నేను అన్నం తినడానికి ఇంటికి వెళ్తున్నా" అన్నదాన్ని సింహళంలో ఇలా అంటారు: మమ బత్ కన్న గెదర యనవా. నేను, అన్నం, తిన, ఇంటికి, వెళ్తున్నా. మాటకు మాట అదే వరస. జావాలో: అకు అరెప్ ములిహ్ మఙన్ సెగ. నేను, -బోతున్నా, ఇంటికి తిరిగివెళ్ళు, తిను, అన్నం. ఎదురు నడక.

"నేను చదివిన పుస్తకం" సింహళంలో మమ కియవపు పొత, జావాలో బుకు సిఙ్ దక్‌వచ, అంటే "పుస్తకం, ఏదైతే నేను చదివానో అది". "రానని చెప్పాడు" సింహళంలో ఎయా ఎన్నే న్యా కియలా కివ్వా. ఇందులో కియలా చూడండి: "అను" ధాతువు నుంచి మన "అని" పుట్టినట్టే, కియనవా (చెప్పు) నుంచి కియలా పుట్టింది, పని కూడా అదే. నాకు ఆకలి: మట బడగిని, అక్షరాలా "నాకు కడుపుమంట". నాకు కావాలి: మట ఓన. ఉత్తరాది కుటుంబానికి చెందిన భాషకు ఈ దక్షిణాది నడక ఎందుకొచ్చిందంటే, తమిళంతో శతాబ్దాల సహవాసం. మనకది వరం.

ఒక్క చోట తెలుగువాళ్ళు కూడా తప్పు చేస్తారు. ఎక్కడ, ఎవరు, ఏమిటి అనే ప్రశ్నల్లో సింహళ క్రియ రూపం మారాలి. "ఎక్కడికి వెళ్తున్నావు?" అనడానికి యనవా అలాగే ఉంచి ఒయా కొహెద యనవా అంటారు కొత్తవాళ్ళు. తప్పు. ఒయా యన్నే కొహెద లేదా ఒయా కొహెద యన్నే అనాలి. మనసులో "నువ్వు వెళ్ళేది ఎక్కడికి?" అనుకుని మాట్లాడండి, యన్నే తనంతట వస్తుంది. ఒక మాటను నొక్కి చెప్పినా ఇదే సూత్రం: "నేను వెళ్ళేది ఇంటికే" అన్నట్టు, మమ యన్నే గెదర.

అయితే రెండు భాషలూ అనుకోకుండా కలిసే చోట్లు రెండున్నాయి. మొదటిది, కావాలని చేసిన పనికీ తనంతట జరిగిన పనికీ తేడా. సింహళంలో మమ అండనవా అంటే "నేను ఏడుస్తున్నా", మట యాండెనవా అంటే "నాకు ఏడుపొస్తోంది" (మొదటి అక్షరం యాపిల్‌లో పలికినట్టు, కానీ పొట్టిగా). జావాలో తురు నిద్రపో, కెతురొన్ తెలియకుండా నిద్రపట్టేయడం. పిదక్ తొక్కు, కెపిదక్ పొరపాటున తొక్కుడు పడటం. రెండోది, కాదనడం. మన కాదు, లేదు, వద్దు విడివిడి మాటలు. ఇంగ్లీషువాళ్ళకు ఈ తేడా పట్టడానికి నెలలు పడుతుంది, మనకు పుట్టుకతో ఉంది. సింహళంలో వరసగా నెమెయి, న్యా, ఎపా. జావాలో దుదు, ఒర, అజ. జావాలో అదనంగా దురుఙ్ అని ఒకటుంది, "ఇంకా లేదు" అని. భోంచేశావా, పెళ్ళయిందా అని అడిగితే జావాలో ఒర అనరు, దురుఙ్ అంటారు. ఒర అంటే "చెయ్యను, చేసుకోను" అని తలుపు మూసినట్టు వినిపిస్తుంది.

జావా క్రియలో లింగం లేదు, కాలం లేదు, కర్మ ముఖ్యమైన చోట తప్ప పురుషలూ లేవు. విస్ (అయిపోయింది), లగి (జరుగుతోంది), అరెప్ (జరగబోతోంది) ముందు తగిలిస్తే చాలు. మొదటి నెల హాయిగా గడిచిపోతుంది. కష్టం క్రియ తలకాయలో ఉంది. కర్త ముఖ్యమైతే ధాతువు మొదటి అక్షరం అనునాసికమవుతుంది: తులిస్ (రాయు) నులిస్ అవుతుంది, వచ (చదువు) మచ, పఙన్ (తిను) మఙన్, కిరిమ్ (పంపు) ఙిరిమ్, సపు (ఊడ్చు) ఞపు. నిఘంటువులో ఙిరిమ్ కోసం వెతికితే దొరక్కపోవచ్చు, కిరిమ్ కింద చూడాలి. కర్మ ముఖ్యమైతే అనునాసికం పోయి దక్ (నేను), కొక్ (నువ్వు), ది (అతను, వాళ్ళు) ముందు చేరుతాయి: దక్‌వచ, కొక్‌వచ, దివచ. ఒక్క సౌకర్యం ఏమిటంటే, మన వర్ణమాలలో ఉండీ లేనట్టుండే ఙ, ఞ అక్షరాలకు అక్కడ నిత్యం పని.

ఇప్పుడు అసలు కొండ: మర్యాద అంతస్తులు. జావాలో ఙొకొ మామూలు భాష, క్రమ మర్యాద భాష. వీటికి తోడు క్రమ ఇంగిల్ అని పెద్దల కోసం ప్రత్యేక పదాల గుంపు. తిను: మఙన్, నెడ, డహర్. నిద్రపో: తురు, తిలెమ్, సరే. వెళ్ళు: లుఙ, కేసహ్, తిందక్. ఇల్లు: ఒమహ్, గ్రియ, దలెమ్. నువ్వు: కొవే, సంపేయన్, పంజెనెఙన్. గ్రియ అంటే గృహమేనని మీకు ఈపాటికి తట్టే ఉంటుంది. దిన లాంటి సంస్కృత పదానికే మళ్ళీ దింతెన్ అని మర్యాద రూపం, సెగర (సాగరం) కు సెగంతెన్.

చాలామంది దీన్ని మూడు మెట్ల నిచ్చెన అనుకుంటారు, అక్కడే చెడుతుంది. ఇక్కడ వేసుకోవలసిన ప్రశ్నలు రెండు, వాటికి ఒకదానితో ఒకటి సంబంధం లేదు. ఎవరితో మాట్లాడుతున్నాను అన్నదాన్ని బట్టి ఙొకొ, క్రమల్లో ఒకటి. ఎవరి గురించి మాట్లాడుతున్నాను అన్నదాన్ని బట్టి క్రమ ఇంగిల్ వాడటమా, మానటమా. స్నేహితుడితో నాన్న గురించి: బపక్ విస్ సరే. విస్ అన్నది ఙొకొ, ఎదుటివాడు స్నేహితుడు కాబట్టి. సరే అన్నది నాన్నకు గౌరవం. అదే సంగతి మేష్టారితో: బపక్ సంపున్ సరే. మేష్టారితో తమ్ముడి గురించి: అడిక్ సంపున్ తిలెమ్. స్నేహితుడితో తమ్ముడి గురించి: అడిక్ విస్ తురు. ఈ నాలుగు వాక్యాలూ కంఠతా పట్టి, మిగతా క్రియలతో అదే చట్రంలో సాధన చేస్తే అంతస్తుల సూత్రం దాదాపు చేతికొస్తుంది.

అన్నిటికన్నా పెద్ద తప్పు, తన గురించి తాను క్రమ ఇంగిల్ వాడటం. కుల డహర్ అంటే "నేను ఆరగించాను", "నేను విచ్చేశాను" అన్నట్టుంటుంది. మర్యాద చూపించబోయి తనకు తానే హారతి పట్టుకోవడం. కుల నెడ అనాలి. తెలుగులో తిను, భోంచేయి, ఆరగించు అనే మెట్లు మనకూ ఉన్నాయి కాబట్టి భావం కొత్త కాదు. కాకపోతే మనకు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని, వాళ్ళకు "ఇది", "ఏమిటి", "కాదు" లాంటి చిన్న మాటలతో సహా వందలు. ఇండొనేసియా జాతీయోద్యమం 1928 యువజన ప్రతిజ్ఞలో ఐక్యతా భాషగా జావాను కాక మలయ్‌ను ఎంచుకోవడం వెనుక ఈ అంతస్తుల బరువు కూడా ఒక కారణంగా చెబుతారు. జావా మాట్లాడేవాళ్ళు ఆ దేశంలో అందరికన్నా ఎక్కువ, అయినా సరే. ఇప్పటి కుర్రకారు ఏ అంతస్తు వాడాలో తేల్చుకోలేకపోతే చటుక్కున ఇండొనేసియా భాషలోకి దూకేస్తారు. మీరూ నిస్సంకోచంగా దూకవచ్చు.

సింహళంలో ఇంత గొడవ లేదు. కానీ బౌద్ధ భిక్షువుల కోసం విడి పదాలున్నాయి: వాళ్ళు కనవా (తినడం) చేయరు, వళందనవా చేస్తారు. రావడం పోవడం వడినవా. మిగతా జనంతో జాగ్రత్తపడాల్సింది "నువ్వు" దగ్గర. ఒయా సాటివాళ్ళకు బాగుంటుంది, పై అధికారికీ పెద్దలకూ బాగుండదు. సర్వనామం మింగేసి అయ్యా, అక్కా అని వరస పెట్టి పిలవడమే అక్కడి పద్ధతి. మనకు అలవాటైనదే.

సింహళంలో మెట్లు మరోచోట ఉన్నాయి: రాతకూ మాటకూ మధ్య. మాటల్లో నేను, నువ్వు, వాళ్ళు అందరికీ యనవా ఒక్కటే. గ్రంథాల్లో మమ యమి, అపి యము, ఒహు యయి అని పురుషను బట్టి మారుతుంది. గిడుగు రామమూర్తి గారు కొట్లాడి మనకు తప్పించిన గ్రాంథికం అక్కడ ఇంకా వార్తల్లో, పుస్తకాల్లో బతికే ఉంది. అందుకని పాఠ్యపుస్తకం కొనేముందు మొదటి పాఠం తెరిచి చూడండి. యమి కనిపిస్తే అది చదవడానికి, యనవా కనిపిస్తే మాట్లాడటానికి. రెండూ ఒకేసారి మొదలుపెట్టొద్దు.

ఉచ్చారణలో సింహళం నాలుగు చోట్ల ఇబ్బంది పెడుతుంది. ఒకటి, న్యా లో పలికే ఆ అచ్చు. మనం మేక అనేటప్పుడు నోట్లో ఉండేదే, కానీ వాళ్ళకు దానికి వేరే అక్షరం, పొట్టిది, పొడుగుది కూడా. రెండు, సగం అనునాసికం. కంద అంటే కొండ. అదే మాటలో న్ ను ఊపిరంత తేలిగ్గా పలికితే చెట్టు మాను. తెలుగు లిపిలో రెండూ కంద అనే రాయాలి కాబట్టి తెలుగు అక్షరాల్లో నోట్సు రాసుకునేవాళ్ళు ఈ తేడా పోగొట్టుకుంటారు. రెండోదానికి న్ నెత్తిన ఏదో గుర్తు పెట్టుకోండి. మూడు, ఒత్తు అక్షరాలు రాతలోనే, భాషావను బాషావ అంటారు. నాలుగు, ల-ళ, న-ణ తేడా రాతలో ఉంది, నోట్లో లేదు. మన చెవి ళ కోసం వెతుకుతుంది, అక్కడ దొరకదు, స్పెల్లింగు బట్టీ పట్టడమే.

జావాలో త-ట, ద-డ తేడా నిక్కచ్చిగా ఉంది, ఇది మనకు ఉచితం. వెది అంటే భయపడు, వెడి అంటే ఇసుక. ఇండొనేసియాలో పుట్టిన ఇతర ప్రాంతాలవాళ్ళే దీని దగ్గర తడబడతారు. కానీ రోమన్ రాతలో ట, డ లను టీ-హెచ్, డీ-హెచ్ అని రాస్తారు. మనం దాన్ని థ, ధ అని చదివేస్తాం. అలా చదవొద్దు, అక్కడ మహాప్రాణాలే లేవు. ఇంకొకటి, చివరి అ నోరు గుండ్రంగా చేసి ఒ లా పలుకుతారు, దాని ముందు అక్షరంలోని అ కూడా అలాగే: జవ అని రాసి జొవొ అంటారు. నేను పై ఉదాహరణలన్నీ రాత ప్రకారమే ఇచ్చాను. సుకర్ణో పేరు చివరి ఓ ఇదే. ఆ పేరు భారతంలోని కర్ణుడిది.

లిపుల పోలిక నిజమే, రెండూ బ్రాహ్మీ సంతతే. జావా లిపిలో ఇరవై అక్షరాలు, హ-న-చ-ర-క అని మొదలై చదివితే ఒక చిన్న పద్యమవుతుంది: ఇద్దరు దూతలు, గొడవపడ్డారు, సమానబలులు, ఇద్దరూ చచ్చారు. సంయుక్తాక్షరానికి కింద పెట్టే పసఙన్ మన ఒత్తుల్లాగే పనిచేస్తుంది. ముచ్చటైన సంగతి ఒకటుంది: పలకడం మానేసిన పాత అక్షరాలను జావావాళ్ళు పారేయకుండా, మూర్ద అక్షరాలని పేరు పెట్టి గౌరవనీయుల పేర్లు రాయడానికి దాచుకున్నారు. సింహళం అలాంటివాటిని స్పెల్లింగులో ఉంచుకుంది. వాడుక మాటకొస్తే, సింహళ లిపి నేర్చుకోక తప్పదు, సింహళం రాసేదంతా అందులోనే. జావా లిపి వీధి పేర్ల బోర్డుల మీద అలంకారం, రాతకోతలు రోమన్‌లో. దాన్ని ఆఖరున నేర్చుకోవచ్చు.

రెండు భాషల్లోనూ ఒకేలా వినిపించే రోజువారీ మాటలు మరికొన్ని ఉన్నాయి, వాటికి కారణం సంస్కృతం కాదు, ఓడలు. బల్ల: మేసయ, మెజ. చెప్పులు, బూట్లు: సపత్తువ, సెపతు. కిటికీ: జనేలయ, జెండేల. బీరువా: అల్మారియ, లెమరి. ఇవి పోర్చుగీసు. ఆఫీసు కంతోరువ, కంతొర్, ఇది డచ్చి. డచ్చి కంపెనీ రెండు చోట్లా కాపురముంది. మన మేజా, అల్మారా, సబ్బు కూడా ఆ రేవుల బాపతే.

ఆ డచ్చివాళ్ళే జావా నుంచి సిపాయిలనూ, ఓడిన రాజులనూ సిలోనుకు పంపారు. 1708లో మూడో అమంగ్‌కురత్ అలా వచ్చి 1734లో అక్కడే పోయాడు. వాళ్ళ సంతతిని సింహళంలో జా మినిస్సు (జావా మనుషులు) అంటారు. వాళ్ళు ఇంట్లో మాట్లాడేది జావా కాదు, ఒక రకం మలయ్. ఆ మలయ్ శ్రీలంకలో తమిళం, సింహళాల మధ్య మసలి, క్రియను వాక్యం చివరికి తోసుకుంది, "కు", "లో" లాంటి విభక్తులను పదం వెనక తగిలించుకుంది. మాటలు ఇండొనేసియావి, నడక మనది. మీరు అడిగిన పోలిక నిజంగా కళ్ళారా చూడాలంటే చూడవలసింది ఆ భాషలో.

ఏది ముందు అంటారా, వెళ్ళే ఊరు ఖాయమైపోతే ఆ భాషే. ఏదీ లేక కేవలం ఆసక్తితో అయితే సింహళం. మొదటి రెండు వారాలు లిపికి, తర్వాత యనవా, యన్న, యన్నే, గిహిల్లా (వెళ్ళి) అనే నాలుగు రూపాలు పది క్రియలకు. అక్కణ్ణుంచి తెలుగులో ఆలోచిస్తూ మాటలు మార్చుకుంటూ పోవచ్చు. జావాకు వెళ్తుంటే ముందు మూడు నెలలు ఇండొనేసియా భాష, దాని మీద ఙొకొ, తర్వాత క్రమ. ఙొకొ ఒక్కటే నేర్చుకుని పెద్దవాళ్ళ దగ్గరికి వెళ్ళొద్దు. వచ్చిన నాలుగు ముక్కలూ మొరటుగా వినిపిస్తాయి. క్రమ కుదిరేదాకా పరిచయం లేని మగవాళ్ళను మస్, ఆడవాళ్ళను మ్బక్, పెద్దలను పక్, బు అని పిలుస్తూ ఇండొనేసియా భాషలో నెట్టుకొస్తే ఎవరూ తప్పు పట్టరు.